రెండు బొమ్మల మధ్య

జూన్ 15, 2025, సూర్యాపేట

ఈ డైరీ జనవరి నుంచి బీరువా మీద ఖాళీగా పడి ఉంది. ఇవాళ తీశాను. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడాలని లేదు.

ప్రవళికతో గొడవైంది. రేపు కోదాడ కాలేజీకి తిరిగి వెళ్లాల్సిన పిల్ల. డిగ్రీ చివరి సంవత్సరం. సెలవులంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని జపాన్ వాళ్ల యానిమే బొమ్మల సినిమాలు చూసింది. మధ్యాహ్నం అన్నం పళ్లెం పట్టుకుని నేనూ పక్కన కూర్చున్నాను. తెర మీద ఒక అమ్మాయి రైల్వే గేటు దగ్గర నిలబడి ఉంది. అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. తొమ్మిది సెకన్లు. జుట్టు తప్ప ఏదీ కదల్లేదు. తర్వాత నోరు కదిలింది. మూసిన నోరు, సగం తెరిచిన నోరు, పూర్తిగా తెరిచిన నోరు. మూడే బొమ్మలు. వాటినే తిప్పి తిప్పి వాడుకున్నారు.

ఊరుకోలేకపోయాను. ఇది యానిమేషన్ కాదు, పని ఎగ్గొట్టడం అన్నాను. హైదరాబాద్ స్టూడియోలో పదకొండేళ్లు నేను చేసింది కదలికలు వేసే పనే కదా. పెద్ద ఆర్టిస్టు నేల మీద ఉన్న పిల్లి బొమ్మ ఒకటి, గోడ మీద ఉన్న పిల్లి బొమ్మ ఒకటి వేసి ఇచ్చేవాడు. ఆ రెంటి మధ్య పిల్లి ఎలా వెళ్లిందో నేను వేయాలి. సెకనుకు పన్నెండు బొమ్మలు. నడుము వంగాలి, తోక కొంచెం ఆలస్యంగా రావాలి, దిగినప్పుడు కడుపు నేలకు ఆనాలి. పిల్లికి బరువుందని చూసేవాడికి తెలియాలి. ఇదంతా ప్రవళికకు మరోసారి చెప్పాను.

"నీకు కథ వినపడదు డాడీ," అంది. "బొమ్మలు లెక్కపెడుతుంటవ్, అంతే."

ల్యాప్‌టాప్ మూసి లోపలికి వెళ్లిపోయింది.

పాత కార్టూన్లలో మాటలే ఉండేవి కావు. మాట లేకుండానే కడుపుబ్బ నవ్వించేవి. నాకు అవే ఇష్టం. ఈ మధ్య మరీ ఇష్టం.

జూన్ 16

ప్రవళిక వెళ్లింది. బస్సు కిటికీలోంచి ఏదో చెప్పింది. తల ఊపాను.

జూన్ 27

హెడ్మాస్టర్ జానయ్య సార్ పిలిపించాడు. ఎనిమిదో తరగతి పిల్ల బయటికి వెళ్లడానికి మూడుసార్లు అడిగిందట. నేను బోర్డు మీద కుండ బొమ్మ వేస్తూ పలకలేదట. పిల్ల ఏడ్చిందట. తల్లి వచ్చి గట్టిగా అడిగి వెళ్లిందట. ఈ కాలం పిల్లలు నోట్లో నోట్లో మాట్లాడతారని చెప్పాను. ఆయన కొంచెంసేపు నా మొహం చూసి, సరే వెళ్లమన్నాడు.

డ్రాయింగ్ టీచరుగా ఈ బడిలో పదహారేళ్లు. ఒక్క మాట పడలేదు ఇంతవరకు.

జులై 3

క్లాసులో ఫ్యాన్ మోత ఎక్కువైంది. మార్పించమని చెప్పాలి.

జులై 4

ఫ్యాన్ బాగానే ఉందన్నాడు కరెంటు పని చేసే మనిషి. వాడికేం తెలుసు.

జులై 11

హైదరాబాద్ కంపెనీ నుంచి ఒకామె వచ్చి బడిలో కంప్యూటర్ యానిమేషన్ చూపించింది. పెద్ద తెర మీద ఒక చేప. ఒక్కో పొలుసు విడివిడిగా మెరుస్తోంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. చేప కదులుతోంది కాని నీటిని నెడుతున్నట్టు లేదు. ఉత్త గాలిలో ఈదుతోంది. అయినా ఆ మెరుపు సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఏడాది కూర్చున్నా నేను పెన్సిల్‌తో అది తేలేను.

అందరి ముందూ ఆమె నన్ను ఏదో అడిగింది. పదకొండేళ్లు అన్నాను. పిల్లలంతా నవ్వారు. ఆమె అడిగింది నా పేరట.

దసరా తర్వాత డ్రాయింగ్ పీరియడ్ ఉంచాలా, దాని బదులు కంప్యూటర్ యానిమేషన్ పెట్టాలా ఆలోచిస్తామని జానయ్య సార్ చెప్పాడు. కాగితం మీద రాసి ఇచ్చాడు. ఎందుకు రాసి ఇచ్చాడో అర్థం కాలేదు.

హాల్లో మైకు సరిగ్గా లేదు.

జులై 20

ఇవాళ మిర్యాలగూడ వెళ్లి వచ్చాను. తులసీరాం ఎన్నాళ్లుగానో రమ్మంటున్నాడు. స్టూడియోలో పదకొండేళ్లూ వాడిది నా పక్క బల్లే. స్టూడియో వాళ్లు చేతి బొమ్మల పని ఎత్తేసినప్పుడు నేను ఇటు వచ్చాను, వాడు బధిరుల బడిలో టీచరు కావడానికి చదువుకున్నాడు. ఇప్పుడు అక్కడే హాస్టల్లో ఉంటూ పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు.

పిల్లలకు చూపించడానికి మూడు ముక్కలు తీసుకెళ్లాను. ఒకటి పాత చేతి బొమ్మల కార్టూను, ఒకటి కొత్త కంప్యూటర్ బొమ్మ. మూడోది ప్రవళిక చూసిన ఆ రైల్వే గేటు. న్యాయంగా ఉండాలని కింద పడే అక్షరాలు తీసేశాను. వినపడని పిల్లలు ఏది మెచ్చుకుంటారో ముందే తెలుసు నాకు. మెచ్చుకున్నాక ప్రవళికకు చెబుదామనుకున్నాను.

పాత కార్టూనుకు పిల్లలు బెంచీల మీంచి జారిపడి నవ్వారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కంప్యూటర్ బొమ్మను బుద్ధిగా చూశారు. రైల్వే గేటు దగ్గర ఎవరూ కదల్లేదు. అయిపోగానే మళ్లీ వేయమన్నారు. మూడుసార్లు వేయాల్సి వచ్చింది.

ఏముంది దీంట్లో అని అడగమన్నాను. పద్నాలుగేళ్ల మంగ్లీ అనే పిల్ల లేచి చేతులతో చెప్పింది. తిరుమలగిరి దగ్గర తండా ఆమెది. తులసీరాం నాకు మాటల్లో చెప్పాడు.

"మొదటి దాంట్ల వాళ్లు ఏం చేస్తున్నరో తెలుస్తదంట. దీంట్ల ఆ పిల్ల ఏం చెప్పకుండ దాసుకుంటున్నదో తెలుస్తదంట."

లేచి తెర ఆపేశాను.

భోజనాల దగ్గర ఇంకొకటి జరిగింది. మాట్లాడుతూ మాట్లాడుతూ తులసీరాం టవల్‌తో మూతి తుడుచుకున్నాడు. టవల్ తీయకుండానే ఏదో అన్నాడు. నేను వాడి వంక చూస్తూ ఉండిపోయాను. టవల్ తీసి, "నువ్వు నా కండ్లు సూస్తలేవురా, మూతి సూస్తున్నవ్. మా పిల్లలు గిట్లనే సూస్తరు," అన్నాడు.

సగం అన్నంలో లేచి వచ్చేశాను. అక్కడ ఉండి ఉండి వాడికి అందరూ చెవిటివాళ్లలాగే కనిపిస్తున్నారు.

జులై 21

టీవీ స్పీకర్ పాడైంది. సౌండు నలభై పెట్టినా చాలడం లేదు. నా భార్య సుగుణ గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరిగి చూసింది.

ఆగస్టు 6

ప్రవళిక ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది. పరీక్షల సంగతి అనుకుంటాను. గొంతు హుషారుగా ఉంది. మంచిది బిడ్డా, సంతోషం అన్నాను. ఇంకోసారి ఏదో అడిగింది. నీ ఇష్టం బిడ్డా, నువ్వు తెలివైనదానివి అన్నాను. రెండు నెలల తర్వాత ఇద్దరం బాగా మాట్లాడుకున్నాం. మనసు తేలికైంది.

ఆగస్టు 9

ఆటో ఆగింది. ప్రవళిక దిగింది. ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, బకెట్ కూడా దించుకుంది. నవ్వుతూ వచ్చి నన్ను పట్టుకుంది. హాస్టల్ ఎందుకు ఖాళీ చేశావని అడిగాను. కాలేజీ మానేశానంది. టీసీ కోసం అర్జీ పెట్టి వచ్చిందట. హైదరాబాద్ వెళ్లి యానిమేషన్ నేర్చుకుంటుందట.

కేకలేశాను. ఎవరిని అడిగి మానేశావన్నాను. ప్రవళిక మొహంలో నవ్వు ఆగిపోయింది.

"నిన్నే అడిగిన డాడీ. రెండుసార్లు అడిగిన. మంచిది బిడ్డా, సంతోషం అన్నవ్. నీ ఇష్టం అన్నవ్. నేను హాస్టల్ల అందరికీ చెప్పుకున్న, మా డాడీ ఒప్పుకున్నడని."

నేను అలా అనలేదన్నాను. అన్నానని నాకు తెలుసు. ఈ పుస్తకంలో మూడు రోజుల కింద నా చేత్తోనే రాసి ఉంది.

సుగుణ అంగన్‌వాడీ నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడింది. చీర కొంగుతో మొహం తుడుచుకుని, నా ముందుకొచ్చి, నాకు కనపడేలా నిలబడి నెమ్మదిగా చెప్పింది.

"రెండేండ్ల సంది నేను నీ కుడిపక్కనే ఎందుకు కూసుంటున్ననో ఎన్నడన్న అడిగినవా?"

అడగలేదు. చర్చిలో, బస్సులో, భోజనాల దగ్గర, ఎప్పుడూ కుడిపక్కనే. నేను గమనించనైనా లేదు.

ప్రవళిక ఏడుస్తోంది. దాని ఏడుపు నాకు కనిపిస్తోంది. వినపడటం లేదు.

ఆగస్టు 10

నాకు వినపడటం లేదు.

రాశాను. చర్చికి వెళ్లే ముందు ప్రవళికను కూర్చోబెట్టి అదే మాట నోటితోనూ చెప్పాను. "ఆ రోజు నువ్వు చెప్పింది ఒక్క ముక్క నాకు వినపడలే బిడ్డా. ఊరికెనే మంచిది అన్న." అది నా చేయి పట్టుకుంది. తర్వాత, తను వేసిన బొమ్మలు కొన్ని దాచుకుందని, ఇన్నాళ్లూ భయపడి నాకు చూపించలేదని చెప్పింది. ఈ మాట చెప్పేటప్పుడు నా మొహానికి ఎదురుగా తిరిగి చెప్పింది.

ఆగస్టు 12

కోదాడ వెళ్లాం ఇద్దరం. గుమస్తా ఒక ఫైలు తీసి చూసి, "పర్లేదండీ, ఇంకా సంతకం అవ్వలేదు. రేపట్నుంచి అమ్మాయిని క్లాసులకి పంపించేయండి," అన్నాడు. కౌంటరు మీదకి వంగి రెండుసార్లు అడిగి విన్నాను.

తిరుగు దారిలో ఒప్పందం కుదిరింది. ఏప్రిల్‌లో డిగ్రీ పూర్తవుతుంది. ఆ తర్వాత యానిమేషనే. ఈసారి విని ఒప్పుకున్నాను.

ఆగస్టు 14

సూర్యాపేట పెద్ద దవాఖానలో చెవుల పరీక్ష. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు నొక్కే పని పడలేదు. కాగితం మీద గీత గీసి చూపించింది డాక్టరమ్మ. లావు శబ్దాలు కొంత మిగిలాయట. సన్నటి శబ్దాలు ముందు పోయాయట. సన్నటివంటే ఏమిటి అని అడిగాను. పిట్టలు, గంటలు, ఆడపిల్లల గొంతులు అంది.

ఆగస్టు 22

రెండు చెవులకూ మిషన్లు పెట్టారు. ఇంటికొచ్చి బల్ల దగ్గర కూర్చుని ఒక గీత గీశాను. పెన్సిల్ కాగితం మీద ఇంత చప్పుడు చేస్తుందని మరిచిపోయాను. ఇంకో గీత గీశాను. అలా గంటసేపు గీస్తూనే ఉన్నాను.

దారిలో బడికీ వెళ్లి చూశాను, క్లాసులో ఫ్యాన్ మోత ఏమీ లేదు, ఆ హోరు నా చెవుల్లోదే.

ఆగస్టు 24, మిర్యాలగూడ నుంచి వచ్చాక

ప్రవళికను వెంటబెట్టుకుని వెళ్లి తులసీరాంకు క్షమాపణ చెప్పాను. వాడు నా చెవుల వంక చూసి, "మంచిగున్నయిరా, కమ్మలు పెట్టుకున్నట్టున్నవ్," అన్నాడు. అంతే. ముప్పై ఏళ్ల స్నేహం మళ్లీ మొదలైంది.

డిసెంబర్ మూడున దివ్యాంగుల దినోత్సవం. జిల్లా అధికారులు వస్తారు. ఏటా పిల్లలు డ్యాన్సు చేస్తారు, వాళ్లు చప్పట్లు కొట్టి పోతారు. ఈసారి పిల్లల కథతో, పిల్లల సైగలతో బొమ్మల సినిమా చేద్దామని తులసీరాం ఆలోచన. రెండు నిమిషాలు చాలన్నాడు. ప్రవళిక నా వైపు చూసింది, నేను దాని వైపు చూశాను.

కథ మంగ్లీది. ఏడేళ్ల వయసులో, దసరా అయ్యాక, తల్లి సీత తనను ఈ బడి గేటు దగ్గర దించింది. వంగి ఏదో చెప్పింది. నోరు కదిలింది. తర్వాత బస్సెక్కి వెళ్లిపోయింది. అమ్మ ఏం చెప్పిందో మంగ్లీకి తెలియదు. అప్పటికి సైగలూ రావు, అక్షరాలూ రావు. అందుకని అమ్మ నోరు కదిలినట్టే తన నోరు కదిలించి, కనపడిన వాళ్లందరికీ చూపించింది, దీనికి అర్థం ఏమిటన్నట్టు. వంటామెకు చూపించింది, వాచ్‌మన్‌కు చూపించింది, తోటి పిల్లలకు చూపించింది. అందరూ నవ్వారు. మూడు నెలల దాకా తల్లి రాలేదు. తనను వదిలించుకుని పోయిందనుకుంది.

ఏడేళ్లయింది. ఇప్పటికీ తెలియదు. సీతకు చదువు లేదు, సైగలు రావు. అన్నం, నీళ్లు, రా, పో, మేక, ఇంట్లో ఈ అయిదారు సైగలే.

ఇప్పుడే ఫోన్ చేసి సీతను అడుగుతానని తులసీరాం ఫోన్ తీశాడు. మంగ్లీ ఆ చేయి పట్టుకుని ఆపింది. ఆ పిల్ల చేతులు చూసి తులసీరాం ఫోన్ జేబులో పెట్టేశాడు.

"నేనే అడుగుత అంటున్నది. సినిమాల అడుగుత అంటున్నది."

సెప్టెంబర్ 7

పని పంచుకున్నాం. మొహాలు ప్రవళికవి, ట్యాబ్ మీద, దాని యానిమే పద్ధతిలో. చేతులు నావి, కాగితం మీద, పాత పద్ధతిలో. బస్సు, రోడ్డు, దుమ్ము కంప్యూటర్‌వి. ఆదివారం ఆదివారం అది కోదాడ నుంచి వస్తుంది. బొమ్మ మీద బొమ్మ పెట్టి గీసే పాత లైటు బల్లను అటక మీంచి దించాను. కింద బల్బు మార్చగానే వెలిగింది.

పదహారేళ్ల తర్వాత నా వేళ్ల మధ్య కాగితాలు రెపరెపలాడాయి, బొమ్మలోని చేయి లేచింది, తిరిగింది, వాలింది. ప్రవళిక పక్కకొచ్చి వంగి చూసింది. ఇంకోసారి చెయ్యి డాడీ అంది.

సెప్టెంబర్ 14

మిర్యాలగూడలో మొదటి ఇరవై సెకన్లు చూపించాం. నాకు లోలోపల గర్వంగానే ఉంది. ఆ చేతుల కదలిక నీళ్లు పారినట్టుంది.

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. మంగ్లీ మొహమాటపడుతూ చేతులు తిప్పింది. తులసీరాం ముందు చెప్పనన్నాడు. చెప్పమన్నాను.

"చెయ్యి పారుతున్నది గని ఎక్కడ ఆగుతలేదంట. మాటకూ మాటకూ నడుమ సందు లేదంట. నోట్ల ముద్ద పెట్టుకొని మాట్లాడినట్టున్నదంట."

ప్రవళిక నవ్వు ఆపుకుంటోంది. మంగ్లీ దాని వైపు తిరిగింది.

"అక్క ఏసిన మొహం సచ్చినట్టున్నదంట. కనుబొమ్మలు లేస్తెనే అది అడుగుడు, లెవ్వకపోతె చెప్పుడు. గీ పిల్ల అడుగుతున్నదా, చెప్తున్నదా అంటున్నది."

ప్రవళిక వేసిన పిల్లకు జుట్టు నుదుటి మీద పడి కనుబొమ్మలు అసలు కనపడటమే లేదు. యానిమేలో అలాగే వేస్తారట.

తిరుగు బస్సు ఎక్కాం. సూర్యాపేట దగ్గర పడుతుండగా ప్రవళికకు నవ్వొచ్చింది. "ముద్ద పెట్టుకొని," అంది. "సచ్చిన మొహం," అన్నాను. పక్క సీటు ఆమె మా ఇద్దరినీ వింతగా చూసింది.

సెప్టెంబర్ 23, దసరా సెలవులు

నలభై ఆరు బొమ్మలు తీసి పక్కన పెట్టాను. రెండు సైగల మధ్య నేను ముచ్చటపడి వేసినవన్నీ. ఒక్కో సైగ దగ్గర చేతిని ఆపాను. అర సెకను, కొన్నిచోట్ల ముప్పావు. ఆపడం చాలా కష్టంగా ఉంది. చేయి ఆగినా బతికి ఉన్నట్టు కనిపించాలి. ఆ జపాన్ వాళ్లు తొమ్మిది సెకన్లు ఎలా ఆపారో అని రైల్వే గేటు మళ్లీ పెట్టించుకుని చూశాను. ఈసారి లెక్కపెట్టడం మరిచిపోయాను.

అవతల బల్ల దగ్గర ప్రవళిక పిల్ల జుట్టు పైకి దువ్వి కనుబొమ్మలు వేస్తోంది. కనుబొమ్మ లేచేటప్పుడు నుదురు ఎలా ముడుచుకుంటుందో అద్దం ముందు నిలబడి చూసుకుంటోంది. కన్ను ముందు లేవాలా కనుబొమ్మ ముందు లేవాలా అని నన్నడిగింది. కనుబొమ్మే అన్నాను. చేసి చూసుకుని, నిజమే డాడీ అంది.

సెప్టెంబర్ 27

తల్లి నోరు దగ్గర మళ్లీ వాదన. నేను పన్నెండు బొమ్మలు వేస్తానన్నాను. ప్రవళిక వద్దంది. వీడియో కాల్‌లో తులసీరాం ద్వారా మంగ్లీని అడిగాం. ఆ పిల్ల నోరు మూసింది, సగం తెరిచింది, తెరిచింది, మూసింది. వినపడని ఏడేళ్ల పిల్లకు తల్లి మాట అంతే కనపడింది. మూడు బొమ్మలే.

నేనే వేశాను ఆ మూడూ.

అక్టోబర్ 12

మిర్యాలగూడలో రెండో పరీక్ష. మంగ్లీ తెర వైపు చూస్తూ పెదవులు బిగించుకుంది. ఎక్కడా ఆపలేదు. అయిపోయాక నా దగ్గరికి వచ్చి నా కుడి చేయి పట్టుకుని చిటికెన వేలు కొంచెం లోపలికి వంచింది. ఆ ఒక్కటే తప్పు.

నవంబర్ 8

బడిలో జానయ్య సార్ డ్రాయింగ్ పీరియడ్ గురించి ఇంకా తేల్చలేదు. నేనూ అడగలేదు. పని ఉంది.

నవంబర్ 29

పూర్తయింది. రెండు నిమిషాల పది సెకన్లు. కాగితం బొమ్మలు తొమ్మిది వందల నలభై. బస్సు మలుపు తిరిగి దుమ్ము రేపుకుంటూ పోవడం ప్రవళిక కంప్యూటర్‌లో చేసింది. ఆ దుమ్ము చూశాక కంప్యూటర్‌ను ఇక ఏమీ అనకూడదనుకున్నాను. చివర మంగ్లీ బొమ్మ మన వైపు తిరిగి కనుబొమ్మలెత్తి అడుగుతుంది. అమ్మ ఏం చెప్పింది? అక్కడ ఆగుతుంది. ఎనిమిది సెకన్లు. ఆ ఎనిమిది సెకన్లూ పెట్టింది నేను.

డిసెంబర్ 3, మిర్యాలగూడ. బడి వరండాలో కూర్చుని రాస్తున్నాను

పదకొండింటికి మొదలైంది. సుగుణ, ప్రవళిక, నేను వెనక వరసలో. జానయ్య సార్ కూడా వచ్చి మా పక్కన కూర్చున్నాడు. ముందు వరసలో అధికారులు. సినిమాకు మాటలు పెట్టలేదు, అక్షరాలు పెట్టలేదు. పిల్లలకు అర్థమైతే చాలని మంగ్లీ పట్టుబట్టింది.

వంటామె దగ్గర మంగ్లీ నోరు ఆడించే చోట పిల్లలంతా ఒక్కసారి నవ్వారు. అధికారులు ఎందుకో తెలియక వెనక్కి తిరిగి చూశారు. వాచ్‌మన్ దగ్గర ఇంకా గట్టిగా నవ్వారు. ముందు వరసలోని పెద్ద అధికారి ఆగలేక పక్కనున్న పిల్లను ఏం జరిగిందని అడిగాడు. ఆ పిల్ల చేతులతో చెప్పింది. ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ, నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. హాలు మొత్తంలో తెలిసిన వాళ్లు పిల్లలు, తెలియని వాళ్లు పెద్దలు. ఇలాంటిది నా జన్మలో చూడలేదు.

చివర మంగ్లీ బొమ్మ అడిగి ఆగింది. ఎనిమిది సెకన్లు. హాల్లో ఒక్క చేయి కదల్లేదు. తెర నల్లబడగానే రెండు వందల చేతులు పైకి లేచాయి. వేళ్లు విప్పి గిరగిరా తిప్పుతున్నారు. ఇక్కడి చప్పట్లు అవి. ముందు వరసలో అధికారులు ఒక్కొక్కరే చప్పట్లు మాని చేతులు పైకెత్తారు. ప్రవళిక నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఈసారి విన్నాను.

జానయ్య సార్ నా కుడి చెవి దగ్గరికి వంగాడు.

"డ్రాయింగ్ పీరియడ్ ఉంటది సార్. కంప్యూటర్ యానిమేషన్ కూడ ఉంటది. రెండూ మీయే. మీ బిడ్డను నెలకొక్కసారన్న రమ్మనుండ్రి."

కాని మంగ్లీ హాల్లో లేదు. గేటు దగ్గర ఉంది. తల్లి సీత ఇంకా రాలేదు. పత్తి ఏరే రోజులు, తిరుమలగిరి నుంచి సూర్యాపేట వచ్చి బస్సు మారాలి. వస్తానని తులసీరాంతో ఫోన్‌లో చెప్పిందట. ప్రవళిక వెళ్లి గేటు దగ్గర ఆ పిల్ల పక్కన నిలబడింది.

ఒంటిగంటకు వచ్చింది సీత. జుట్టులో పత్తి పోగులు అలాగే ఉన్నాయి, చేను నుంచే బయలుదేరినట్టుంది. అధికారులు భోజనాలకు లేచారు. తులసీరాం వాళ్లను ఆపలేదు, తలుపులు మూసి సినిమా మళ్లీ వేశాడు. పిల్లలు అన్నం వదిలేసి లోపలికి వచ్చేశారు. పెద్ద అధికారి కూడా పళ్లెం పట్టుకుని వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

సీత మొదట నవ్వుతూ చూసింది. బొమ్మలో తన చీర గుర్తుపట్టి మంగ్లీని తట్టింది. తెర మీది తల్లి గేటు దగ్గర వంగి నోరు కదిలించగానే ఆమె చేయి నోటి మీదికి వెళ్లింది. పిల్ల ఆ నోటిని పట్టుకుని అందరి దగ్గరికీ తిరుగుతుంటే సీత కుర్చీలోంచి లేచి నిలబడింది. చివరి ఎనిమిది సెకన్లూ నిలబడే చూసింది. ఎవరూ ఆమెకు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

తులసీరాం దగ్గరికి వెళ్లి తండాలో మాట్లాడే లంబాడీలో ఏదో అడిగింది. తర్వాత మాకందరికీ తెలియాలన్నట్టు తెలుగులో చెప్పింది.

"పత్తి ఏరుడు అయిపోంగనే వస్త బిడ్డా అన్న. గంతే అన్న సారూ. ఆ యేడు వానలు పడి పత్తి ఆలస్యమైంది. అయిపోయిన తెల్లారే వచ్చిన. గిది చేతులతోని ఎట్ల చెప్పాలె?"

తులసీరాం చూపించాడు. పత్తికి ఇక్కడి పిల్లలు వాళ్లలో వాళ్లు పెట్టుకున్న సైగ ఒకటి ఉంది, వేళ్లతో కాయలోంచి దూది లాగినట్టు. తర్వాత అయిపోవడం. తర్వాత రావడం. సీత రెండుసార్లు గాలిలో చేసి చూసుకుంది. ముప్పై ఏళ్లుగా నిజంగా పత్తి ఏరిన వేళ్లు అవి. మొదటి సైగ మాలో ఎవరికీ రానంత బాగా వచ్చింది.

సీత మంగ్లీకి ఎదురుగా వెళ్లి నిలబడి చేసింది. పత్తి. అయిపోవడం. రావడం. ఒక్కో దాని దగ్గర ఆగి, బిడ్డ కళ్లలోకి చూసి, తర్వాతి దానికి వెళ్లింది. ఆగడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మంగ్లీ తల్లి చేతులనే చూసింది. తర్వాత ముందుకొచ్చి తల్లి చేయి పట్టుకుని, చివరి సైగలో వంకరగా ఉన్న వేలిని సరిచేసి, మళ్లీ చెప్పమంది.

సీత మళ్లీ చెప్పింది. మంగ్లీ ఇంకోసారి చెప్పమంది. నాలుగోసారికి హాలంతా చేతులు పైకి లేచి తిరుగుతున్నాయి. సీత నవ్వుతూ ఏడుస్తూ అయిదోసారి చెబుతోంది.